గోడ బయటి సహవాసము

(చంద్రశేఖరపురం కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవత్సర ఉత్సవాలలో మాట్లాడమని అడిగినప్పుడు మేము కొంత జంకినాము. మందిరాలు కట్టినవారిని గూర్చి, బడులు పెట్టినవారిని గూర్చి చెప్పగలవారు చాలమంది ఉన్నారు. మేము చెప్పవలసినది బీడీని గూర్చి. ఇటువంటి సంచికలో బీడీకి చోటేమిటని మాలోనే ఒకరన్నారు. కాని చోటు కొత్తగా ఇవ్వనక్కరలేదు గదా. ఇన్నేళ్ళుగా మందిరము గోడకు అవతలి పక్కన బీడీకి చోటు ఉండనే ఉన్నది.

మీలో చాలమందికి ఆ చోటు తెలుసు. ప్రసంగము రెండవ భాగానికి వచ్చేసరికి మగవారి వైపు వెనుక చాపలు పలుచబడేవి. ఒకరు దగ్గుతూ లేచేవారు, ఆయన వెనుక ఇంకొకరు. ప్రహరీ బయట వేపచెట్టు కింద అగ్గిపుల్ల ఒకటి, బీడీలు ఆరు. ముగింపు కీర్తన వినబడగానే మరల లోపలికి. (అయ్యగారికి ఈ సంగతి తెలియదని మేము అనుకునేవారము. ఆయన కీర్తన మొదటి చరణము ఎందుకు అంత నిదానముగా పాడించేవారో తరువాత తెలిసినది.) నీళ్ళ వంతు తగాదాలు, పిల్లల పెండ్లి మాటలు, చేబదుళ్ళు, అన్నీ ఆ గోడ దగ్గరే తెమిలేవి. లోపల పక్కపక్కన కూర్చుండి కూడ పలుకరించుకోనివారు బయట ఒకరి నిప్పుతో ఒకరు ముట్టించుకునేవారు. ఇది తమాషాకు చెప్పడము లేదు. బీడీ మానడము ఎందుకు కష్టమో తెలియవలెనంటే అది మాకు ఏమి ఇచ్చినదో ముందు ఒప్పుకొనవలెను. మాలో ఎవరూ బీడీని ఒంటరిగా నేర్చుకోలేదు. అన్నో, మేనమామో, తోటి కూలివాడో చేతికిచ్చినాడు.

మాలో మొదట మానినవాడు భయముతో మానినాడు. ఆయన మా అందరికంటె పెద్దవాడు గనుక పెద్దన్న అని పిలుస్తాము. పడుచుతనములో మార్కాపురం పలకల గనులలో కొన్నాళ్ళు రాతి దుమ్ము పీల్చినాడు, తరువాత ఇటువైపు వచ్చి పొగాకు చేలలో కూలికి పోయినాడు. ఒకనాడు కళ్ళెలో నెత్తురు పడినది. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేసి క్షయ అన్నారు, ఆరు నెలల మందు రాసినారు. "మందు నేనిస్తాను పెద్దాయనా, బీడీ నువ్వు మానాలి" అన్నదట డాక్టరమ్మ. ఆమె ఊరకే బెదిరించలేదు. తమిళనాడులో చనిపోయిన 43,000 మంది మగవారిని, బ్రతికియున్న 35,000 మందితో పోల్చి వైద్యులు 2003లో ఒక పరిశోధన ప్రకటించినారు. పొగ తాగేవారు క్షయతో చనిపోవడము తాగనివారికంటె సుమారు నాలుగు రెట్లని అందులో తేలినది. మేము పొగ అంటే క్యాన్సరు ఒక్కటే అనుకునేవారము. మన పల్లెలలో పొగ ఎక్కువగా క్షయకు, గుండెపోటుకు, ఆయాసానికి తోడుపోతుంది. రాతి దుమ్ము తిన్న ఊపిరితిత్తులకైతే చెప్పనక్కరలేదు.

పెద్దన్న తొమ్మిది రోజులు ఆగినాడు. పదవ రోజు ఆదివారము. గోడ దగ్గరకు వచ్చి కొంచెము ఎడముగా నిలబడ్డాడు. అప్పుడు మేము చేసిన పని ఇక్కడ చెప్పక తప్పదు. మాలో ఒకరు కట్ట ముందుకు చాపి "ఒక్కటే గదన్నా, ఏమవుతుంది" అన్నారు. మిగిలినవారము నవ్వినాము. ఆయన తీసుకున్నాడు. రెండు దమ్ములు లాగి, దగ్గి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయినాడు. ఆ చెయ్యి ఎవరిదని మీరు అడగవద్దు. మేమందరము నవ్వినాము గనుక మా అందరిదీ ఆ చెయ్యే.

మరుసటి ఆదివారము నలుగురము ఒక మాట అనుకున్నాము. ఆయన మందు అయిపోయేవరకు, ఆరు నెలలు, ఆయన ఎదుట మనము ముట్టించవద్దు. అంతకుమించి ఏ ఒట్టూ పెట్టుకోలేదు. మానుదామని మాకు తలంపే లేదు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి ఇంటికప్పు విప్పి దింపిన సంగతి మీకందరికీ తెలుసు. మోసిన ఆ నలుగురి కాళ్ళు ఎట్లున్నవో ఎవరూ అడగలేదు. మా నలుగురి కాళ్ళు మాత్రము చాల బలహీనముగా ఉన్నవి. పెద్దన్న ఎదుట మానినాము గాని ఆయన ఇల్లు దాటగానే ముట్టించేవారము. అయితే ఆయన పొద్దస్తమానము మా మధ్యనే ఉండేవాడు. అట్లు తగ్గుతూ తగ్గుతూ, ఆయన మందు పూర్తి అయ్యేనాటికి మాలో ఇద్దరు పూర్తిగా మానియున్నారు. మూడవవాడు మరుసటి సంవత్సరము మానినాడు. నాలుగవవాని సంగతి తరువాత చెప్పుతాము.

ఇప్పుడు పదకొండుమందిమి ఉన్నాము. ఇన్నేళ్ళలో నేర్చుకున్నవి కొన్ని మీ ముందు పెట్టుతాము.

పొగ లోపలికి పోయిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సూది మందైనా అంత త్వరగా చేరదు. చేరినది దాదాపు రెండు గంటలలో సగము తగ్గిపోతుంది. గనుక రాత్రంతా నిద్రపోయి లేచినవానికి నెత్తురులో అది అడుగంటి ఉంటుంది. తెల్లవారుజామున లేవగానే చెయ్యి దిండు కింద కట్ట కొరకు వెదకడానికి కారణము ఇదే. ఇది సోమరితనమూ కాదు, సిగ్గులేనితనమూ కాదు. ఆకలి వంటిదే, అయితే మనము తెచ్చిపెట్టుకున్న ఆకలి. బీడీలో ఉండేది ఇంచుమించు గ్రాములో ఐదవ వంతు పొగాకే. సిగరెట్టుతో పోలిస్తే చాల తక్కువ. అందుచేత బీడీ తేలికని మా నాయనల కాలము నుండి నమ్మినాము. చుట్టిన తునికాకు గాలి చొరనివ్వదు, త్వరగా ఆరిపోతుంది. ఆరనీయకుండ గట్టిగా, మాటిమాటికి లాగవలెను. అట్లు లాగేసరికి సిగరెట్టు నుండి వచ్చే విషానికి ఏమాత్రము తగ్గకుండ వచ్చి చేరుతుంది. రోజుకు కట్టన్నర నుండి పది బీడీలకు తగ్గించినామని సంతోషపడినవారము ఆ పదింటినే మునుపటికంటె లోతుగా పీల్చినాము.

మానిన తరువాత రెండవ మూడవ రోజులు మహా కష్టము. కోపము, నిద్ర పట్టకపోవడము, ఊరక ఆకలి, దేనిమీద మనసు నిలువకపోవడము. భార్యలను అడగండి, వారు మాకంటె బాగుగా చెప్పుతారు. మాలో ఒకాయన మూడవ రోజున చల్ల పులిసినదని ముంత విసిరికొట్టినాడు. "నువ్వు బీడీ తాగు నాయనా, ఈ ఇల్లు నిలబడుతుంది" అన్నది ఆ అక్క. ఇంకొక సంగతి ఆడవారి ఎదుట చెప్పడానికి బిడియమే గాని దీనివల్లనే చాలమంది వెనుకకు పోయినారు గనుక చెప్పుతున్నాము. తెల్లవారి చెంబు పట్టుకొని పోయేటప్పుడు బీడీ లేకుంటే కడుపు కదలదని మనవారి నమ్మకము. అది పూర్తిగా అబద్ధము కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానిన కొత్తలో మలబద్ధకము వస్తుంది. రెండు మూడు వారాలు గోరువెచ్చని నీళ్ళు, రాత్రి సంగటిలోకి ఆకుకూర, ఓపిక. తరువాత కడుపు తన పని తాను చేసుకుంటుంది. దగ్గు కూడ మొదట ఎక్కువవుతుంది. "మానితే దగ్గు వచ్చింది, తాగినప్పుడే బాగుండె" అని ఒకరు తిరిగి మొదలుపెట్టినారు. ఊపిరితిత్తులు ఊడ్చుకునేటప్పుడు దుమ్ము లేవదా మరి.

కోరిక అల వంటిది. లేస్తుంది, ఐదారు నిమిషాలలో పడిపోతుంది. ఆ ఐదారు నిమిషాలు ఎవరితో గడుపుతామన్నదే మాకు ముఖ్యమైన ప్రశ్న. మా కూడికలో ఉన్న నియమము ఒక్కటే. ముట్టించక ముందు పిలువు. ముట్టించిన తరువాత వచ్చి ఏడ్వనక్కరలేదు, ముందు పిలువు. ఇప్పుడు అందరి జేబులలో సెల్ ఫోన్లు ఉన్నవి. తెల్లవారి నాలుగున్నరకు మోగుతుంది. "అన్నా, చేతిలో ఉంది." "ఎన్ని ఉన్నాయిరా?" "రెండే." "సరే, మాట్లాడుతా ఉండు. బర్రె ఈనిందా?" ఇట్లు బర్రె సంగతి, బోరు సంగతి మాట్లాడుతుండగా అల పోతుంది. ఉపదేశము చేయకూడదు. ఉపదేశము వినడానికి ఎవడూ నాలుగున్నరకు ఫోను చేయడు.

ఇక మా తప్పు సంగతి.

మొదటి సంవత్సరము మాకు ఉత్సాహము ఎక్కువ. మానినవారిని ఆదివారము సంఘము ఎదుట నిలువబెట్టి సాక్ష్యము చెప్పించినాము. పేర్లు చదివినాము, చప్పట్లు కొట్టించినాము. ఇంతకుముందు చెప్పిన నాలుగవవాడు తాపీ పనివాడు. ఆయన కూడ నిలబడ్డాడు, అందరికంటె బాగా మాట్లాడినాడు. వాన లేని సంవత్సరము గనుక పనికి బెంగుళూరు పోయినాడు. అక్కడ రేకుల షెడ్డులో తొమ్మిదిమంది, తొమ్మిదిమందీ తాగేవారే. మొదలుపెట్టినాడు. క్రిస్మసుకు ఊరికి వచ్చినాడు గాని మందిరానికి రాలేదు. మేమేమనుకున్నాము? పట్టణము పోయి చెడినాడు, భక్తి పోయినది అనుకున్నాము. మరుసటి క్రిస్మసుకూ రాలేదు. మాలో ఒక్కరమైనా ఆయన ఇంటికి పోలేదు. రెండు సంవత్సరాలు, సోదరులారా. మూడు వీధుల అవతల ఇల్లు.

చివరకు ఆయన భార్య చెప్పినది, "భక్తి పోలేదన్నా, చప్పట్లు కొట్టినోళ్ళకు ఏం మొహం చూపించాలని రాడంలేదు" అని. అప్పుడు పోయినాము. ఆయన గడప దగ్గర కూర్చుండి ఉన్నాడు, చేతిలో బీడీ ఉన్నది, దాచుకోబోయినాడు. దాచవద్దన్నాము. ఏమి మాట్లాడవలెనో మాకూ తెలియలేదు. పెద్దన్నే పక్కన కూర్చుండి, "నేను పదో రోజునే తాగినానురా, వీళ్ళే ఇచ్చినారు" అన్నాడు.

ఆనాటి నుండి చప్పట్లు మానినాము. పేర్లు చదవడము మానినాము. ఎవరు ఎన్ని రోజులైనదో వారికి చెప్పాలనిపిస్తే చెప్పుతారు, లేకుంటే లేదు. తిరిగి మొదలుపెట్టినవానిని చూచి జాలిపడము. చాలమంది ఒక్కసారితో మానలేరు, మూడు నాలుగుసార్లు పడిలేచినవారే చివరకు నిలిచినారని మా అనుభవము. 2016-17లో దేశమంతటా జరిగిన సర్వేలో పొగ తాగేవారిలో సగానికి పైగా మానవలెనని ఉన్నదన్నారు. మనసు లేక ఎవరూ ఆగిపోలేదు. పడినప్పుడు ఎవరి దగ్గరకు పోవలెనో తెలియక ఆగిపోయినారు.

ఆజ్ఞలతో పోయే పనియైతే ఎప్పుడో పోయి ఉండవలసినది. జహంగీరు పాదుషా 1617లోనే పొగ తాగరాదని శాసనము చేసినాడు. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలాలలో తాగితే జరిమానా. బస్టాండులో ఆ బోర్డు కిందనే నిలబడి ముట్టించినవారము మాలో ఉన్నాము. చట్టము అవసరమే, కాదనము. కాని ఇంటింటికి పోయి మాట్లాడిన చోట జరిగినది వేరు. మన రాష్ట్రములోనే శ్రీకాకుళం జిల్లాలో ఆడవారు చుట్టను నిప్పు నోటిలోపలికి పెట్టుకొని తాగే అలవాటు ఉన్నది. అడ్డపొగ అంటారు. అంగిలి కాలి అక్కడే పుండు, క్యాన్సరు వచ్చేవి. టాటా పరిశోధన సంస్థవారు 1970ల చివర నుండి శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాతులోని భావనగర్ జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారి వద్దకు ఏటేటా పోయినారు. నోరు పరీక్షించి, బొమ్మలు చూపి, కూర్చుండి మాట్లాడినారు. 1986లో ఫలితాలు ప్రకటించినారు. మానినవారు పెరిగినారు, మానినవారి నోళ్ళలో కొత్త తెల్లమచ్చలు తగ్గినవి. అడ్డపొగ తాగే అవ్వ చేత మాన్పించగలిగినప్పుడు మన గోడ దగ్గర మాన్పించలేమా అని మాకు ధైర్యము వచ్చినది ఈ సంగతి విన్న తరువాతే.

ఒకరికొకరు తోడుండి మానే పద్ధతి మేము కనిపెట్టినది కాదు. అమెరికాలో 1935లో ఒక షేర్ల వ్యాపారి, ఒక శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుబోతులే, ఒకరినొకరు కాచుకుంటూ మద్యము మానినారు. లోకమంతటా వ్యాపించిన మద్యవిముక్తి కూడికలు వారి నుండి వచ్చినవే. ఆ కూడికల గదులన్నీ సిగరెట్టు పొగతో నిండి ఉండేవట. ఆ వ్యాపారి విలియం విల్సన్ 36 సంవత్సరాలు మద్యము ముట్టకుండ బ్రతికి, 1971లో పొగవల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయినాడు. లక్షలమందిని నిలిపిన సహవాసము తన చేతిలోని సిగరెట్టును చూడలేదు. పొగ మానేవారికని అదే పద్ధతిలో కూడికలు 1980ల మొదట కాలిఫోర్నియాలో పుట్టినవి. మేము ఇది విన్నప్పుడు మా ఖైనీ డబ్బాలు గుర్తుకు వచ్చినవి. బీడీ మానినాననిపించుకొని దవడన ఖైనీ పెట్టుకున్నవారు మాలో ఇద్దరు ఉండిరి. నికోటిన్‌కు ఏ వాకిలియైనా ఒకటే. వాకిలి మార్చితే మానినట్లు కాదు.

నికోటిన్ బబుల్‌గమ్ సంగతి మాత్రము మాలో తేలలేదు. మందుల షాపులో దొరుకుతుంది. ఊరక నమలకూడదు, కొంచెము నమిలి దవడకు ఆనించి ఉంచవలెను, టీ తాగిన వెంటనే వేసుకుంటే పని చేయదు. కొన్ని వారాలు వాడి మెల్లగా తగ్గించమంటారు డాక్టర్లు. మాలో ఒకాయన రెండవ సంవత్సరము కూడ నములుతూనే ఉన్నాడు. ఆయన విడుదల పొందినట్లా కాదా అని ఒక శనివారమంతా వాదించుకున్నాము. పొగ లేదు, తారు లేదు, ఊపిరి బాగున్నది, బీడీ కంటె వేయి రెట్లు మేలు, అని కొందరు. కట్టు విప్పలేదు గదా అని కొందరు. ఆయన నవ్వుతూ నములుతూ కూర్చున్నాడు. మాలో ఎక్కువమంది ఆయనను తొందరపెట్టవద్దన్నారు.

అంతకంటె బరువైన ప్రశ్న ఒకటి ఉన్నది. మనము పొగాకు మీద బ్రతికే ప్రాంతము. పొగాకు బోర్డు 1976లో వచ్చినది, కనిగిరి, పొదిలి వేలము కేంద్రాలకు మన బేళ్ళు పోతున్నవి. బ్యారన్ మండించేవారము, ఆకు కొట్టేవారము, గ్రేడు చేసేవారము మనమే. కోతపండుగ నాటి కానుకలో ఆకు డబ్బు ఉన్నది. ఒకవైపు బీడీ మానమని చెప్పుతూ ఇంకొకవైపు ఆకుకు మంచి ధర రావలెనని ప్రార్థించినాము, నిజమే. వానాధారపు నేలలో కంది, శనగ వేసి తట్టుకొనగల రైతు ఉన్నాడు, అప్పులో ఉండి తట్టుకోలేని రైతూ ఉన్నాడు. వారికి మేము తీర్పు తీర్చలేము. కాని ఒక సంగతి చెప్పగలము. తడి ఆకు కొట్టేటప్పుడు చర్మము గుండానే నికోటిన్ ఒంటిలోకి పోతుంది. వాంతులు, తలతిప్పు, నీరసము. మన ఆడవారు ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాగి మరల చేలోకి పోతారు. అది ఎండదెబ్బ కాదు, ఆకుదెబ్బ. మంచు ఆరిన తరువాత దిగవలెను, పూర్తి చేతుల చొక్కా, చేతులకు తొడుగు వేసుకొనవలెను, తడిసిన బట్ట మార్చుకొనవలెను. బడి పిల్లలను, కడుపుతో ఉన్నవారిని ఆ పనికి దింపకూడదు. ఈ మాట రైతులుగా ఉన్న సంఘ పెద్దలు వినవలెనని చేతులు జోడించి అడుగుచున్నాము.

ఆడవారు నమిలే పొగాకు కాడను గూర్చి మేము మాట్లాడితే వినరు, వినకపోవడము న్యాయమే. స్త్రీల సహవాసములో ఇద్దరు అక్కలు ఆ పని మొదలుపెట్టినారు. అక్కడ ఏమి మాట్లాడుకుంటారో మాకు చెప్పరు.

తాపీ పనివాని సంగతి అడుగుతారేమో. ఆయన ఇంకా పూర్తిగా మానలేదు. ఇప్పుడు రోజుకు నాలుగు అంటున్నాడు. ఆ నాలుగు ఎంత లోతుగా లాగుతున్నాడో మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా శనివారము రాత్రి బెంగుళూరు నుండి ఫోను చేస్తాడు. ఆ షెడ్డులో ఇంకొకడు కూడ మానదలచినాడట, ఇద్దరూ మాట్లాడుతారు. కిందటి క్రిస్మసుకు మందిరములో వెనుక చాప మీద కూర్చున్నాడు, ప్రసంగము మధ్యలో ఒకసారి లేచి బయటికి పోయినాడు. పెద్దన్న కూడ లేచి పోయినాడు.

కూడిక ప్రతి శనివారము దీపాలు పెట్టే వేళకు, అదే గోడ దగ్గర, వేపచెట్టు కింద. ఒట్టు పెట్టించము, పేరు రాసుకోము. జేబులో కట్ట ఉన్నా రావచ్చును. దూర గ్రామాలవారు ప్యాకెట్ల మీద 2018 నుండి అచ్చు వేయించిన 1800-11-2356 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనూ మాట్లాడుతారు. మా దగ్గరకు వచ్చేవారికి టీ ఉంటుంది. చక్కెర కొంచెము ఎక్కువ వేస్తాము, మొదటి వారము నోరు తీపి అడుగుతుంది.